అమ్మకానికీ సొమ్ముకూ మధ్య దూరం

సభకు నమస్కారం.

మన విశాఖ పూర్ణా మార్కెట్‌లో కొబ్బరికాయల బండి మీద కూడా ఇవాళ క్యూఆర్ కోడ్ కనిపిస్తుంది. 2016లో యూపీఐ వచ్చి, అదే ఏడాది నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాక, ఎవరూ కూర్చోబెట్టి నేర్పకుండానే మన చిన్న వ్యాపారులు ఫోనులో డబ్బు తీసుకోవడం నేర్చుకున్నారు. అటువంటివారు ఆన్‌లైన్ అమ్మకాల దగ్గర వెనకాడుతున్నారంటే చదువు చాలకనో, భయం వల్లనో అనే మాటను నేను ఒప్పుకోను. యూపీఐలో సొమ్ము అప్పటికప్పుడే ఖాతాలో పడుతుంది. బ్యాంకు ఖాతా నుంచి వచ్చే ఆ చెల్లింపుపై 2020 జనవరి నుంచి వ్యాపారి కట్టవలసిన రుసుమూ లేదు. ఆన్‌లైన్ అంగడిలో ఈ రెండూ తారుమారవుతాయి. సొమ్ము ఆలస్యంగా వస్తుంది, వచ్చేది కూడా కోతలు పోను వస్తుంది.

ఏటికొప్పాక లక్కపిడతలనే, అంటే పిల్లలు ఆడుకునే బుల్లి వంటింటి సామాన్లనే చూడండి. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ చిన్న చిన్న పాత్రలుగా చెక్కి, తిరుగుతున్న కర్రకు లక్క రంగును అద్దుతారు. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన పనితనమది. సెట్టు ధర 400 రూపాయలు అనుకుందాం. తయారీకి 200, కమీషన్, రవాణా కలిపి 110, అట్టపెట్టెకు 30 పోతే మిగిలేది 60. దారిలో వేలెడంత రోకలి ఒక్కటి విరిగితే కొన్నవారు సెట్టు మొత్తం తిప్పి పంపుతారు, వారిని తప్పుపట్టలేం. రానుపోను రవాణా 140 వ్యాపారి మీదే పడితే, పెట్టెతో కలిపి 170 నష్టం. దాదాపు మూడు అమ్మకాల లాభం ఆ ఒక్క రోకలితో పోయింది.

ఇక జీఎస్టీ. టర్నోవరు పరిమితిలోపు ఉన్నవారు రాష్ట్రం లోపల ఆన్‌లైన్ సంస్థల ద్వారా సరుకు అమ్ముకోవడానికి రిజిస్ట్రేషన్ అక్కరలేదని 2023 అక్టోబరు 1 నుంచి వెసులుబాటు ఇచ్చారు. అది మంచి మార్పే. కానీ హస్తకళలవంటి కొన్నింటికి విడిగా ఉన్న మినహాయింపులు పక్కన పెడితే, విశాఖలో పట్టిన ఆవకాయ ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని బరంపురం చేరాలంటే రిజిస్ట్రేషన్ తప్పదు. అనంతపురానికి లేని అడ్డు, అంతకంటే ఎంతో దగ్గరలో ఉన్న బరంపురానికి ఉండడం సరిహద్దు జిల్లాల వ్యాపారికి నిజంగా బాధ కలిగించే విషయం.

అందుకే ముందుగా మన దుకాణం ఎరిగిన కొనుగోలుదారులకే వాట్సాప్‌లో చూపించి, డబ్బు ముందే తీసుకుని పంపడం మేలని నా అభిప్రాయం. విరగకుండా పెట్టె కట్టడం, తిరిగి వచ్చినవి లెక్క రాయడం, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడం ఒక్కొక్కరికీ మోయలేని భారం కనుక పది దుకాణాలు కలిసి ఒక గది, ఒక గుమాస్తాను పెట్టుకోవాలి. సంక్రాంతి బొమ్మల కొలువుల ఆర్డర్లు మొదలయ్యేలోగా మార్కెట్ దగ్గర గది చూపించగలవారు సభ ముగిశాక దయచేసి నన్ను కలవండి; బల్ల, కాటా, అట్టపెట్టెల ఖర్చు ఎలా పంచుకోవాలో ఇవాళే మాట్లాడుకుందాం.