పని లేని పూట ఇంటర్న్ ఏం చేయాలి?

అందరికీ నమస్కారం.

ఇంటర్న్‌షిప్‌కి వెళ్లేముందు చాలామందికి ఉండే టెన్షన్ ఒక్కటే: అంత పని నేను చేయగలనా అని. తీరా వెళ్లాక ఎదురయ్యే ఇబ్బంది వేరు. ఇచ్చిన పని పదకొండింటికల్లా అయిపోతుంది. గైడ్ మీటింగ్‌లో ఉంటారు. లాగిన్ ఇంకా రాలేదు. మీరు పంపిన ఫైలు చూసి ఓకే చెప్పాల్సినవాళ్లు సెలవులో ఉన్నారు. ఇక సాయంత్రం దాకా బిజీగా ఉన్నట్టు నటించాలి. అసలు పనికంటే ఆ నటనకే ఎక్కువ అలసిపోతాం.

ఈ ఖాళీ ఎందుకొస్తుంది? మీరంటే చిన్నచూపుండి కాదు. మీకు పని అప్పగించడమే అవతలివాళ్లకు ఒక పని. తాము చేసుకుంటే ఇరవై నిమిషాల్లో అయ్యేదాన్ని మీకు వివరించడానికి అరగంట, మీరు చేశాక సరిచూడటానికి ఇంకో అరగంట పట్టొచ్చు. డెడ్‌లైన్ దగ్గరపడ్డ వారంలో ఆ గంట వాళ్ల దగ్గర ఉండదు. ఆఫీసంతా ఊపిరాడనప్పుడే ఇంటర్న్ ఖాళీగా కూర్చోవడం అందుకే.

కాబట్టి "సార్, ఏమైనా పని ఉందా?" అని అడగడం మర్యాదగానే ఉంటుంది గానీ, ఏం ఇవ్వాలో ఆలోచించే బరువు మళ్లీ వాళ్ల నెత్తినే పడుతుంది. బదులుగా ఇలా ఒక మెసేజ్ పెట్టండి: "మీరిచ్చిన పట్టిక పూర్తయింది మేడమ్, షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టాను. పోయిన నెల ఫిర్యాదుల్లో ఏ రకానివి ఎన్ని వచ్చాయో లెక్క తీసి గురువారానికి ఇస్తాను. అంతకంటే అవసరమైంది ఉంటే ముందు అదే చేస్తాను." దీనికి "సరే" అంటే చాలు.

ఆ "సరే" వచ్చేలోగా చాలామంది ఆన్‌లైన్ కోర్సు తెరుస్తారు. నాకు దానిమీద అంత గురి లేదు. ఆ కోర్సు ఇంట్లోనూ దొరుకుతుంది, ఇంటర్న్‌షిప్ అయ్యాకా దొరుకుతుంది. అక్కడ కూర్చుంటే తప్ప చూడలేనివి చూడండి.

వాటిలో పాత ఫైళ్లకు నేను మొదటి స్థానం ఇస్తాను. పూర్తయిన కాపీ ఒక్కటే చదివితే లాభం తక్కువ. మొదటి డ్రాఫ్టునీ చివరిదాన్నీ పక్కపక్కన పెట్టుకోండి. పత్రికాఫీసులో అయితే రిపోర్టర్ పంపిన కాపీ, అచ్చయిన వార్త. నాలుగో పేరాలో ఉన్న సంగతి మొదటికి ఎందుకొచ్చింది? లాయర్ దగ్గరైతే నోటీసులో ఏ వాక్యం కొట్టేశారు, ఎందుకు? ఆడిట్ చేసేచోట పోయినేడాది వర్కింగ్ పేపర్లలోంచి (ఆడిట్‌లో లెక్కలు సరిచూస్తూ రాసిపెట్టుకున్న కాగితాలు) ఒక లెక్క తీసుకుని, జవాబు చూడకుండా మీరే వేసి, తర్వాత పోల్చుకోండి. సాఫ్ట్‌వేర్‌లో ఇది మరీ సులువు. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్ (దాని మూలభాగం) అవసరాల కోసం 2005లో లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన, కోడ్‌లో ప్రతి మార్పునీ నమోదుచేసే గిట్‌ని మీ టీమూ వాడుతుంటే, "గిట్ బ్లేమ్" అనే కమాండ్ కొట్టండి. ఫైల్లో ప్రతి లైనూ చివరిసారి ఎవరు, ఎప్పుడు, ఏ కమిట్‌లో (ఒక విడతగా నమోదైన మార్పుల్లో) మార్చారో వస్తుంది. అక్కణ్ణుంచి ఆ మార్పును చూసినవాళ్లు రాసిన రివ్యూ కామెంట్లకు వెళ్లండి. క్లోజైన బగ్ టికెట్లూ (ప్రోగ్రామ్‌లో తప్పుల గురించి రాసిపెట్టిన నమోదులు) చదవండి. సీనియర్లు ముందు ఏ కారణాన్ని అనుమానించారో, అది కాదని ఎలా తేలిందో వరసగా కనిపిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ఈ తడబాటు కనబడటం అరుదు.

అయితే మీకు అనుమతి ఉన్న ఫైళ్లే తెరవండి. వాటిని సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. ఆఫీసు ఒప్పుకోకుండా చాట్‌జీపీటీ లాంటి వాటిలో పేస్ట్ చేయొద్దు. ఈ ఒక్క విషయంలో "తెలియక చేశాను" అంటే ఎవరూ వినరు.

ఇంకోటి, కొత్తవాళ్లే చేయగల పని. సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయడంలో, ఫారం నింపడంలో కొత్తవాళ్లు ఎక్కడ ఆగిపోతారో పాతవాళ్లకు గుర్తుండదు. అలవాటైపోయింది కదా! మీకు గుర్తున్నప్పుడే రెండు పేజీల నోట్ రాసిపెట్టండి. వచ్చే ఇంటర్న్‌కి వివరించే అరగంట గైడ్‌కి మిగులుతుంది. మీ రిపోర్టులోనూ చూపించుకోవచ్చు.

వీలైతే పక్క టీము మీటింగుల్లో వెనక కూర్చుని వినండి. 3ఎమ్ కంపెనీలో స్పెన్సర్ సిల్వర్ 1968లో గట్టిగా అంటుకోని జిగురు ఒకటి తయారుచేశారు. ఎందుకు పనికొస్తుందో ఎవరికీ తోచలేదు. వేరే విభాగంలో ఉన్న ఆర్ట్ ఫ్రై దాని గురించి సిల్వర్ ఇచ్చిన సెమినార్‌లో విన్నారు. 1974లో, చర్చిలో పాటల పుస్తకంలోంచి జారిపోయే గుర్తుకాగితాలకు అది పనికొస్తుందని ఆయనకు తట్టింది. అదే పోస్ట్-ఇట్, అంటే అంటించి మళ్లీ తేలిగ్గా తీసేసే చిన్న నోటు కాగితం. పక్కవాళ్లు ఏం చేస్తున్నారో విని ఉండకపోతే ఆ ఆలోచనకు దారే లేదు.

ఇన్ని చేసినా వారాల తరబడి ఖాళీయే ఉంటే? అది మీ ఓపికకు పరీక్ష అనుకుని ఊరుకోకండి. ఏ రోజు ఏం చేశారో, ఏం అడిగారో తేదీలతో రాసుకోండి. ముందు గైడ్‌తో విడిగా మాట్లాడండి, మార్పు లేకపోతే కాలేజీ కోఆర్డినేటర్‌కి ఆ వివరాలతో మెయిల్ పెట్టండి. గడువు సగం కాకముందే పెడితే టీము మార్చే వీలుంటుంది. చివరి వారంలో చెబితే వాళ్లూ ఏం చేయలేరు.

ఇక మీ ప్రశ్నలు అడగండి.