మైక్ కొనే ముందు మీ గదిని ఒకసారి వినండి: ఇంట్లో పాట రికార్డ్ చేయడానికి ఏమేం కావాలి?

[తెర నల్లగా ఉంటుంది]

ముందు ఇది వినండి. దగ్గర్లో హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకుని వినండి.

[ఆడియో: మొదటి టేక్, 8 సెకన్లు]

ఇప్పుడు ఇది.

[ఆడియో: అదే లైన్, రెండో టేక్, 8 సెకన్లు]

[తెరపై: గది, స్టాండ్ మీద మైక్]

మొదటిది బావిలోంచి పాడినట్టుంది. రెండోది మీ పక్కన కూర్చుని పాడినట్టుంది. గొంతు ఒకటే, మైక్ ఒకటే, కంప్యూటర్ ఒకటే. రెండూ సమానంగా వినిపించాలని వాల్యూమ్ మాత్రం సరిచేశాను. మొదటిసారి ఖాళీ గది మధ్యలో, మైక్‌కి రెండడుగుల దూరంలో నిలబడి పాడాను. రెండోసారి నా వెనక మందపాటి బొంత వేలాడదీసి, మైక్‌కి జానెడు దూరంలోకి వచ్చి పాడాను. అంతే తేడా.

ఇంట్లో పాటలు రికార్డ్ చేద్దామనుకునే ప్రతి ఒక్కరూ మొదట అడిగేది "ఏ మైక్ కొనాలి?" అనే. నేనూ అక్కడే మొదలుపెట్టాను. చాలా రోజులు డబ్బు దాచుకుని మంచి కండెన్సర్ మైక్ కొన్నాను. మొదటి రికార్డింగ్ విన్నప్పుడు అందులో నా పాటతో పాటు ఫ్యాన్ తిరిగే చప్పుడు, పక్క గదిలో మాటలు, కిటికీ బయట బండి ఆగిన శబ్దం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి. మైక్‌లో లోపం ఏమీ లేదు. చిన్న శబ్దాన్ని కూడా వదలకుండా పట్టడమే దాని పని, ఆ పని బాగానే చేసింది. నేనే నా గది ఎలా ఉందో చూసుకోకుండా కొన్నాను.

అందుకే ఈ వీడియోలో గదితో మొదలుపెడదాం.

[తెరపై: గది మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టడం]

మీరు పాడబోయే చోట నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. చప్పట్ల తర్వాత "ట్రిరింగ్" అని సన్నగా వణికే తోక ఒకటి వినిపిస్తుందా? ఎదురెదురు గోడల మధ్య శబ్దం అటూ ఇటూ కొట్టుకుంటోందన్నమాట. మీ పాటలోని ప్రతి అక్షరానికీ ఆ తోక అతుక్కుంటుంది. ఒకసారి రికార్డ్ అయిపోయాక ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ దాన్ని పూర్తిగా విడదీయలేం. ఇప్పుడు అవే చప్పట్లు బట్టలు నిండిన బీరువా తలుపులు తెరిచి, దాని ముందు కొట్టి చూడండి. తేడా మీ చెవికే తెలుస్తుంది.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. మైక్ వెనక గోడకి ఫోమ్ అంటిస్తారు. ఇంట్లో వాడే మైకులు ఎక్కువగా కార్డియాయిడ్ రకం, అంటే ముందు వైపు నుంచి వచ్చే శబ్దాన్ని బాగా పట్టి, వెనక వైపుది చాలావరకు వదిలేస్తాయి. మైక్ ముఖం మీ వైపు ఉంటుంది కదా, మరి అది మీతో పాటు ఎవర్ని వింటోంది? మీ వీపు వెనక ఉన్న గోడని. కాబట్టి ఒక్క బొంతే ఉంటే దాన్ని మీ వెనక కట్టండి. కంప్యూటర్ ఫ్యాన్ లాంటి చప్పుడు చేసే వస్తువు మైక్ వీపు వైపు ఉండేలా చూసుకోండి.

[తెరపై: పై నుంచి చూసిన గది బొమ్మ. మైక్, గాయని, వెనక బొంత, మైక్ వెనక కంప్యూటర్]

పలచటి ఫోమ్ షీట్ల గురించి కూడా చెప్పాలి. 100 హెర్ట్జ్ లాంటి కింది స్థాయి శబ్దం ఒక్క అల పొడవు దాదాపు 3.4 మీటర్లు. అంగుళం మందం ఫోమ్ దాన్ని ఏమీ చేయలేదు. అది పై స్థాయి శబ్దాలను మాత్రమే పీల్చుకుంటుంది. దాంతో గొంతులో మెరుపు పోయి, కింద గుమగుమ మాత్రం అలాగే మిగులుతుంది. గోడ మొత్తానికి పలచటి ఫోమ్ అంటించే కంటే ఒక పాత పరుపు నిలబెట్టుకోవడం నయం. బయటి చప్పుడు లోపలికి రాకుండా ఆపడం మాత్రం వేరే సంగతి, అది బొంతలతోనూ పరుపులతోనూ అయ్యే పని కాదు. ఇంట్లో అందరూ పడుకున్నాక రికార్డ్ చేసుకోవడమే దానికి తేలికైన దారి.

[తెరపై: రెండు మైకులు పక్కపక్కన]

ఇప్పుడు మైక్ దగ్గరికి వద్దాం. మీకు ఎదురయ్యేవి ముఖ్యంగా రెండు రకాలు.

డైనమిక్ మైక్‌లో ఒక పొర ఉంటుంది, దానికి అతికించిన సన్నని తీగచుట్ట అయస్కాంతం మధ్య కదులుతుంది. ఆ కదలిక నుంచే కరెంటు పుడుతుంది. దీనికి బయటి నుంచి పవర్ అక్కర్లేదు, మొరటుగా వాడినా తట్టుకుంటుంది. స్టేజీల మీద గాయకుల చేతుల్లో మీరు చూసే షూర్ ఎస్‌ఎం58 ఈ రకమే. 1966లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముతున్నారు. కండెన్సర్ మైక్‌లో చాలా పలచటి పొర ఒక లోహపు పలక పక్కనే ఉంటుంది. శబ్దానికి ఆ రెంటి మధ్య దూరం మారుతూ ఉంటే సిగ్నల్ వస్తుంది. దీనికి కరెంటు కావాలి. మైక్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె, అంటే ఇంటర్‌ఫేస్ మీద "48 వోల్టులు" అని రాసున్న బటన్ దీని కోసమే. పొర తేలిక కాబట్టి ఊపిరి, తీగ మీద వేలు జారడం లాంటి సున్నితమైన శబ్దాలు కూడా ఇందులో అందంగా పడతాయి.

మరి ఏది తీసుకోవాలి? చప్పట్ల పరీక్షలో మీ గది గొల్లుమని మోగిందా, సరిచేసే వీలు కూడా లేదా? డైనమిక్ తీసుకుని, దగ్గరగా పాడండి. గది నిశ్శబ్దంగా ఉండి, అకౌస్టిక్ గిటార్, వయొలిన్ లాంటివి రికార్డ్ చేయాలనుకుంటే కండెన్సర్ తీసుకోండి. డైనమిక్ మైక్ గదిని మాయం చేస్తుందని మాత్రం అనుకోకండి. దానికి దగ్గరగా పాడతాం కాబట్టే గది శబ్దం తగ్గుతుంది. మీ నోటికీ మైక్‌కీ మధ్య దూరం సగం చేస్తే, నేరుగా వచ్చే గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది. ప్రతిధ్వని మాత్రం దాదాపు ఉన్నంతే ఉంటుంది. మొదట్లో మీరు విన్న రెండో టేక్‌లో జరిగింది ఇదే.

మరీ బెత్తెడు దూరంలోకి వెళ్తే ఇంకొకటి జరుగుతుంది. గొంతు కింది భాగం లావెక్కుతుంది. కొందరికి అది బాగుంటుంది, కొందరికి మాటలు ముద్దముద్దగా అయిపోతాయి. జానెడుతో మొదలుపెట్టి, అటూ ఇటూ జరిగి వినండి.

[తెరపై: నోటి ముందు అరచేయి, దగ్గరి షాట్]

అరచేయి నోటికి దగ్గరగా పెట్టుకుని "భయం", "ఫలం" అనండి. గాలి తగిలిందా? ఇప్పుడు "నయం", "జలం" అనండి. తగలదు, తగిలినా చాలా కొంచెం. మన భాషలో ప, ఫ, బ, భ లు ఉన్న పదాలకి లెక్కలేదు. ఆ గాలి దెబ్బ మైక్ పొరకి తగిలితే రికార్డింగ్‌లో "ధప్" అని పడుతుంది. పాప్ ఫిల్టర్ చేసే పని ఆ గాలిని చెదరగొట్టడమే. అది లేకపోతే మైక్‌ని నోటికి సూటిగా కాకుండా కొంచెం పక్కకి, కాస్త ఎత్తులో పెట్టి నోటి వైపు తిప్పండి. గాలి సూటిగా వెళ్లిపోతుంది, గొంతు మాత్రం మైక్‌కి చేరుతుంది. నేను ఫిల్టర్ ఉన్నా ఇలాగే పెడతాను.

[తెరపై: ఆడియో ఇంటర్‌ఫేస్, ముందు వైపు]

మైక్ నుంచి వచ్చే సిగ్నల్ చాలా చిన్నది. దాన్ని పెంచి, అంకెలుగా మార్చి, కంప్యూటర్‌కి అందించే పెట్టె పేరు ఆడియో ఇంటర్‌ఫేస్. యూఎస్‌బీ మైక్‌లో ఈ పెట్టె మైక్‌లోపలే ఉంటుంది. ఒక్కరే పాడుకుంటారు, తీగలూ బటన్ల గొడవ వద్దు అనుకుంటే యూఎస్‌బీ మైక్ తప్పేం కాదు. కానీ రేపు ఇంకో మైక్ జత చేయాలన్నా, గిటార్ నేరుగా గుచ్చాలన్నా ఇబ్బంది పడతారు. పాటల మీద నిజంగా మనసు ఉంటే విడిగా ఇంటర్‌ఫేస్ తీసుకోమనే చెబుతాను. మైక్ మారినా అది మీ దగ్గర ఏళ్ల తరబడి ఉంటుంది.

ఎన్ని ఇన్‌పుట్‌లు కావాలి? ఒకేసారి ఎన్ని రికార్డ్ చేస్తారో అన్ని. ముందు గిటార్, తర్వాత గొంతు, ఆ తర్వాత కోరస్ అని విడివిడిగా చేసేవాళ్లకి ఒక్క మైక్ ఇన్‌పుట్ చాలు. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో లాంటి వాటిలో ఒక మైక్‌కి, ఒక గిటార్‌కి చోటు ఉంటుంది. ఎనిమిది ఇన్‌పుట్‌ల పెట్టె డ్రమ్స్ రికార్డ్ చేసేవాళ్లకి. "ఎప్పుడైనా పనికొస్తుందిలే" అని దాన్ని కొనకండి.

కొనేటప్పుడు మూడు చూడండి: 48 వోల్టుల బటన్, ఎలక్ట్రిక్ గిటార్ గుచ్చుకునే "ఇన్‌స్ట్రుమెంట్" ఇన్‌పుట్, డైరెక్ట్ మానిటరింగ్. ఈ మూడోది ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

[తెరపై: బఫర్ సైజు సెట్టింగ్]

మీరు పాడిన మాట కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి మీ చెవికి చేరడానికి కొంత సమయం పడుతుంది. దీన్ని లేటెన్సీ అంటారు. కంప్యూటర్ శబ్దాన్ని చిన్న ముక్కలుగా, అంటే శాంపిల్స్‌గా తీసుకుని, కొన్నింటిని పోగుచేసి ఒకేసారి పంపుతుంది. ఆ పోగే బఫర్. సెట్టింగ్స్‌లో బఫర్ 128 శాంపిల్స్ ఉంటే, 44.1 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకి 44,100 శాంపిల్స్ దగ్గర ఒక్క బఫర్‌కే దాదాపు 3 మిల్లీసెకన్లు. గాలిలో శబ్దం ఒక మీటరు దూరం రావడానికి పట్టే సమయం కూడా సుమారు అంతే, కాబట్టి ఇబ్బంది అనిపించదు. అదే 1024 పెడితే ఒక్క బఫర్‌కి 23 మిల్లీసెకన్లు. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి కలిపితే మీ గొంతు మీకే వెనకబడి వినిపిస్తుంది, తాళం తప్పుతుంది. డైరెక్ట్ మానిటరింగ్ ఉంటే కంప్యూటర్‌దాకా వెళ్లకుండా ఇంటర్‌ఫేస్ నుంచే మీ గొంతు మీకు వినిపిస్తుంది. రికార్డ్ చేసేటప్పుడు బ్లూటూత్ హెడ్‌ఫోన్స్ వాడొద్దనేది కూడా ఇందుకే, వాటిలో ఆలస్యం ఇంకా చాలా ఎక్కువ.

హెడ్‌ఫోన్స్ తీగ ఉన్నవి, చెవిని పూర్తిగా మూసే క్లోజ్డ్ బ్యాక్ రకం తీసుకోండి. వెనక తెరిచి ఉన్నవి పెట్టుకుంటే తాళం కోసం పెట్టుకునే మెట్రోనోమ్ టిక్ టిక్ మైక్‌లో పడుతుంది. మంచి టేక్ వచ్చాక ఆ టిక్కుని తీసేయలేక పడే బాధ నాకు బాగా తెలుసు. సోనీ ఎండీఆర్-7506 ఏళ్ల తరబడి స్టూడియోల్లో వాడుతున్న మోడల్. ఆడియో-టెక్నికా ఎం50ఎక్స్ కూడా అలాంటిదే. మొదటి కొనుగోళ్లలో మైక్ మీద కొంచెం తగ్గించి అయినా హెడ్‌ఫోన్స్ మీద పెట్టండి. తప్పు వినిపిస్తేనే కదా దిద్దుకునేది. స్పీకర్లు ఇప్పుడే వద్దు. చిన్న గదిలో ఒక మూల బేస్ ఎక్కువగా, ఇంకో మూల అసలు లేనట్టుగా వినిపిస్తుంది, ఏది నిజమో తెలియక టెన్షన్ పడతారు.

స్టాండ్, కేబుల్ అని తేలిగ్గా తీసుకోకండి. తేలికపాటి టేబుల్ స్టాండ్ మీద మైక్ పెడితే మోచేయి బల్లకి తగిలిన ప్రతిసారీ ఆ శబ్దం లోపలికి పోతుంది. నేల మీద నిలబడే బరువైన స్టాండ్ తీసుకోండి. సాఫ్ట్‌వేర్‌కి మాత్రం మొదట్లో డబ్బు పెట్టనక్కర్లేదు. ఆపిల్ కంప్యూటర్ అయితే గ్యారేజ్‌బ్యాండ్ ఉచితం, ఆడాసిటీ అందరికీ ఉచితం, రీపర్‌ని 60 రోజులు పూర్తిగా వాడి చూసుకోవచ్చు. మిడి కీబోర్డ్ సంగతి సంగీతం కూర్చేవాళ్లకి. చాలావాటికి సొంత శబ్దం ఉండదు, ఏ కీ ఎంత బలంగా నొక్కారో కంప్యూటర్‌కి చెబుతాయి.

సెకండ్ హ్యాండ్‌లో కొనొచ్చా? డైనమిక్ మైక్ అయితే భయం లేకుండా కొనొచ్చు, ఒకసారి పాడి చూసి తీసుకోండి. కండెన్సర్ తేమకి పాడవుతుంది, ఎక్కడ ఉంచారో తెలియకుండా తీసుకోకండి. ఇంటర్‌ఫేస్ అయితే మీ కంప్యూటర్‌లోని ఆపరేటింగ్ సిస్టమ్‌కి దాని డ్రైవర్, అంటే దాన్ని కంప్యూటర్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్, ఇంకా దొరుకుతోందో లేదో ముందే చూడండి.

[తెరపై: సాఫ్ట్‌వేర్‌లో లెవెల్ మీటర్ కదులుతూ]

అన్నీ కలిపాక గెయిన్, అంటే మైక్ సిగ్నల్‌ని ఇంటర్‌ఫేస్ ఎంత పెంచాలో అది, పెట్టుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో 24 బిట్, 44.1 లేదా 48 కిలోహెర్ట్జ్ ఎంచుకోండి. 192 అని పెట్టెల మీద పెద్దగా రాస్తారు కానీ, 48తో పోలిస్తే ఫైల్ నాలుగింతలవుతుంది, మీ పాటకి దాని అవసరం లేదు. ఇప్పుడు పాటలో అన్నిటికంటే గట్టిగా పాడే లైన్ పాడండి. మెల్లగా హమ్ చేస్తూ గెయిన్ పెట్టుకుంటే పై స్థాయికి వెళ్లగానే పగిలిపోతుంది. ఆ గట్టి లైన్‌లో మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర తాకేలా పెట్టండి. చిన్నగా ఉందని కంగారు పడొద్దు, తర్వాత ఎంతైనా పెంచుకోవచ్చు. సున్నా దాటి తెగిపోయిన అల మాత్రం తిరిగి రాదు.

పాడే ముందు పది సెకన్లు ఎవరూ మాట్లాడకుండా ఖాళీగా రికార్డ్ చేసి, హెడ్‌ఫోన్స్‌లో వాల్యూమ్ పెంచి వినండి. ఫ్యానా, ఫ్రిజ్జా, చార్జర్ గుంయ్‌మనడమా, ఏది వినిపిస్తే అది ఆపండి. మళ్లీ పది సెకన్లు.

[ఆడియో: పది సెకన్ల నిశ్శబ్దం]

ఇది నా గదే. వీడియో మొదట్లో మీరు బావిలోంచి వచ్చినట్టు విన్నది కూడా ఈ గదిలోనే. ఇప్పుడు బొంత నా వెనక ఉంది, మైక్ జానెడు దూరంలో, కాస్త పక్కగా, నోటి వైపు తిరిగి ఉంది, మీటర్ మైనస్ 12 దగ్గర ఉంది. పాట మొత్తం వినిపిస్తాను.

[ఆడియో: పూర్తి పాట. తెరపై: వెనక బొంతతో గది, వైడ్ షాట్]