మా టీవీ కింద ఇంకా క్యాసెట్ తిరుగుతోంది

హాయ్ అండీ, నమస్తే. మా ఇంటికి ఎవరొచ్చినా టీవీ కింద ఉన్న ఈ వెండిరంగు డబ్బాని చూసి "ఇదింకా పనిచేస్తుందా?" అంటారు. చేస్తుందండీ. ఎడమవైపు క్యాసెట్ తోసే చోటు, కుడివైపు డిస్క్ ట్రే. వీసీఆర్, డీవీడీ రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి కాబట్టి దీన్ని కాంబో అంటారు. మా ఆయన ఇక్కడ డల్లాస్‌లో వాడిన సామాన్లు అమ్మే గుడ్‌విల్ షాపులో పాత టోస్టర్ల పక్కన చూసి తెచ్చారు. అప్పట్లో చవకే. ఇప్పుడు ఆన్‌లైన్‌లో వీటి రేట్లు చూస్తే కళ్ళు తిరుగుతాయి, కొత్తవి రావట్లేదు కదా మరి. చివరిదాకా వీసీఆర్లు చేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా విడిభాగాలు దొరక్క, అమ్మకాలు పడిపోయి 2016 జూలైలో ఆపేసింది.

ముందు కనెక్షన్ చూపిస్తాను, ఇటు వెనక్కి రండి. పసుపు, తెలుపు, ఎరుపు వైర్లు. కొత్త టీవీలు చాలావాటికి ఈ సాకెట్లే ఉండవు. అందుకే మధ్యలో ఈ అగ్గిపెట్టెంత కన్వర్టర్, అక్కణ్ణుంచి హెచ్‌డీఎంఐ. ఒక చిక్కేంటంటే, చాలా కాంబోల్లో బొమ్మ బాగా వచ్చే కాంపోనెంట్ సాకెట్లు డిస్క్‌కి మాత్రమే పనిచేస్తాయి. క్యాసెట్ బొమ్మ మాత్రం ఈ పసుపు వైరులోంచే రావాలి. తెలియనివాళ్ళు మెషీన్ పాడైపోయిందనుకుని పారేస్తుంటారు.

ఇంకోటి, టీవీ సెట్టింగ్స్‌లో బొమ్మని 4:3 లో, అంటే పాత టీవీల ఆకారంలో పెట్టుకోండి. లేకపోతే టీవీ దాన్ని అడ్డంగా సాగదీస్తుంది. మా అత్తయ్య ఆరు నెలలకని వచ్చారు, మొన్న చూసి "అప్పుడు నేనింత లావు లేనమ్మాయ్" అని ఒకటే గోల.

ఇక అసలు సంగతి. మాకు డిస్క్ సగంతో పెద్ద పనిలేదు. డీవీడీలకి ఏ దేశాల్లో ఆడాలో చెప్పే రీజియన్ నంబరు ఉంటుంది. మన సినిమా డీవీడీలు చాలావాటికి వెనక "ఆల్ రీజియన్స్" అని ఉండేది, అవి ఇక్కడా ఆడతాయి. ఇండియాకని చేసిన రీజియన్ 5 డిస్క్ అయితే రీజియన్ 1 అయిన అమెరికా ప్లేయర్ తిప్పి బయటికి తోసేస్తుంది. ఏదైనా డిస్క్‌కి వేరే ప్లేయర్ దొరుకుతుంది లెండి. ఈ డబ్బాని ఇంట్లో ఉంచుకున్నది క్యాసెట్ సగం కోసమే. టీవీ ప్రోగ్రాం రికార్డ్ చేసుకునే బటన్ కూడా ఉంది కానీ అది అలంకారానికే. ఇది పట్టుకునే పాతరకం ప్రసారాలు, అంటే ఇక్కడి పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలు 2009 జూన్ 12తో అయిపోయాయి.

ఇదిగో, మా పాప మొదటి పుట్టినరోజు. చేతి కెమెరాలో పట్టే బుల్లి క్యాసెట్, వీహెచ్ఎస్-సీ. దాన్ని ఈ పెద్ద క్యాసెట్ ఆకారంలో ఉన్న అడాప్టర్‌లో పెట్టాలి. లోపల ఒక చిన్న బ్యాటరీ వేస్తే టేపుని అదే బయటికి లాగి సర్దుతుంది. ఆ గర్ర్‌మనే చప్పుడు వినండి. పాప వచ్చి "అమ్మా, ఇది కాలుతుందా ఏంటి?" అని టెన్షన్ పడిపోతోంది. కాలదే తల్లీ, దాని గొంతే అంత.

బొమ్మ కింద ఈ మంచు చుక్కల పట్టీ కనిపిస్తోందా? ట్రాకింగ్ బటన్లతో కాస్త ముందుకీ వెనక్కీ జరిపితే పోతుంది. రెండు గంటల టీ-120 టేపులో నెమ్మది స్పీడు ఈపీ పెట్టి ఆరు గంటలు ఎక్కించిన క్యాసెట్లయితే ఎక్కువ సతాయిస్తాయి.

అత్తయ్యకి మాత్రం తెనాలి పెళ్ళి క్యాసెట్ కావాలి.

"అది ఇక్కడి మెషీన్లో ఆడదత్తయ్యా."

"అమెరికా మెషీన్‌కి తెనాలి క్యాసెట్ ఆడించడం రాదా?"

రాదండీ, నిజంగానే. టీవీ బొమ్మని తయారుచేసే పద్ధతే దేశానికోరకం. మన దగ్గర పాల్ (PAL) పద్ధతి, 625 గీతలు, సెకనుకి 25 ఫ్రేములు. ఇక్కడ ఎన్‌టీఎస్‌సీ పద్ధతి, 525 గీతలు, దాదాపు 30 ఫ్రేములు. టేపు నడిచే వేగమే వేరు: మామూలు స్పీడులో అక్కడ సెకనుకి 23 మిల్లీమీటర్లు, ఇక్కడ 33. ఆ క్యాసెట్ ఇందులో పెడితే జీలకర్ర బెల్లం బదులు గీతలు దొర్లుతాయి. డబ్బా అదే, టేపు అదే, అందుకే ఎవరికైనా వింతగా ఉంటుంది. పాల్, ఎన్‌టీఎస్‌సీ రెండూ ఆడించే మల్టీ సిస్టం వీసీఆర్ కావాలి.

పైగా ఈ క్యాసెట్ ఏళ్ళ తరబడి బీరువాలో ఉంది. కోస్తా ఉక్కపోతకి టేపు అంచున తెల్ల బూజు పడుతుంది. ఈ కిటికీలోంచి వెలుగులో చూడండి, తెల్లటి మచ్చ కనిపిస్తే ఏ మెషీన్లోనూ పెట్టకండి. ఆ బూజు లోపల టేపుని చదివే హెడ్లకి అంటుకుంటుంది, తర్వాత పెట్టిన మంచి క్యాసెట్లకీ పాకుతుంది. ఈ పెళ్ళి క్యాసెట్‌లో ఉంది. ముందు శుభ్రం చేయించాలి.

కాంబోల్లో క్యాసెట్‌ని నేరుగా డిస్క్‌కి ఎక్కించే రకం కూడా ఉంది. దానికి డబ్బింగ్ బటన్, అంటే కాపీ చేసే బటన్ ఉంటుంది. మాది ఆడించే రకమే. ఆ రకం ఉన్నవాళ్ళు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఎక్కించాక డిస్క్‌ని ముగించే ఫైనలైజ్ నొక్కకపోతే ఆ డిస్క్ చాలా ప్లేయర్లలో ఆడదు. సినిమా కంపెనీల క్యాసెట్లకి కాపీ తాళం ఉంటుంది, మన ఇంటి క్యాసెట్లకి ఆ బాధ లేదు. కాకపోతే రెండు గంటల టేపుకి రెండు గంటలూ పడుతుంది, షార్ట్‌కట్ లేదు.

మా ఆయన ప్లాన్ ఏంటంటే, ఇక్కడి క్యాసెట్లన్నీ ఈ కన్వర్టర్ తీసేసి లాప్‌టాప్‌కి యూఎస్‌బీ క్యాప్చర్ తీగ పెట్టి ఈ వేసవిలోనే ఎక్కించేయడం. పెళ్ళి క్యాసెట్ మాత్రం అత్తయ్య తిరుగు ప్రయాణంలో చేతి బ్యాగులో పెట్టుకుని వెళ్తారు. చెకిన్ సామానులో వేయనన్నారు. అక్కడ పాల్ వీసీఆర్ ఉన్న స్టూడియోని మా మరిది ఫోన్‌లో ఇప్పటికే వెతుకుతున్నాడు.