పొడి ఎండలో చెన్నై లెక్క తప్పింది

నమస్కారం. తెరపై మీరు చూస్తున్నవి దక్షిణ కాలిఫోర్నియాలోని శాన్ ఫెలిపె కొండలు. మెక్సికో సరిహద్దున కాంపో దగ్గర మొదలై కెనడా దాకా సుమారు 4,265 కిలోమీటర్లు సాగే పసిఫిక్ క్రెస్ట్ ట్రెయిల్‌లో, తొలి 1,100 కిలోమీటర్లకు పైబడిన భాగాన్ని నడిచేవారు ఎడారి అనే అంటారు. దారిలో పైన్ చెట్ల ఎత్తైన కొండలు కూడా ఉన్నాయి, అయినా ఆ పేరే నిలిచిపోయింది.

చెన్నైలో పుట్టి పెరిగిన నాకు ఎండ కొత్త కాదనుకున్నాను. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, వీపున పది కిలోల సంచితో మెరీనా ఇసుకలో నడిచి అభ్యాసం చేశాను. అది కాళ్ళకు పనికొచ్చింది గాని, దాహం విషయంలో నాకు తప్పుడు పాఠమే నేర్పింది.

మన ఊరి గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట త్వరగా ఆరదు. చొక్కా తడిసి ముద్దయినప్పుడు నీళ్ళు తాగాలన్న సంగతి దానంతటదే గుర్తొస్తుంది. ఎడారిలో గాలి పొడిగా ఉండడం వల్ల చెమట పట్టింది పట్టినట్టే ఆవిరైపోతుంది, చొక్కా పొడిగానే ఉంటుంది, సంచి పట్టీల కింద తెల్లటి ఉప్పు చారలు మాత్రం మిగులుతాయి. సిజర్స్ క్రాసింగ్ నుంచి బ్యారెల్ స్ప్రింగ్ దాకా ఉన్న సుమారు 38 కిలోమీటర్లలో నమ్మదగిన ఊట ఒక్కటీ లేదు. చెమట పట్టడం లేదు కదా అన్న ధీమాతో, వీపున ఆరు లీటర్లు, అంటే ఆరు కిలోలు, మోస్తూ కూడా తాగకుండా నడిచాను. మధ్యాహ్నానికి తల పగిలిపోతున్నట్టనిపించింది, మూత్రం ముదురు రంగుకు తిరిగింది. దారి మధ్యలో స్వచ్ఛంద సేవకులు నీళ్ళ డబ్బాలు ఉంచుతారు, కాని వాటిని లెక్కలో వేసుకొని బయలుదేరడం తెలివితక్కువతనం.

ఆ తరువాత దాహం వేసినా వేయకపోయినా కొంచెం కొంచెంగా తాగడం అలవాటు చేసుకున్నాను. అలాగని ఉప్పు లేకుండా ఉత్త నీళ్ళే అతిగా పట్టిస్తే రక్తంలో సోడియం పలచబడుతుంది, అదీ ప్రమాదమే. ఇంట్లోనైతే ఉప్పు వేసిన మజ్జిగతో సరిపోయేది. అక్కడ ఓఆర్ఎస్ పొట్లాలే దిక్కయ్యాయి.

పొడి గాలి చేసే మేలు ఒకటుంది, దాన్నీ ఆలస్యంగానే గ్రహించాను. చెన్నైలో చెట్టు కింద కూర్చున్నా ఉక్క వదలదు. ఇక్కడ నీడలోకి వెళ్ళీ వెళ్ళగానే ప్రాణం లేచొస్తుంది, వెండిరంగు గొడుగు పట్టుకున్నా చాలు. కనుక తెల్లవారకముందే బయలుదేరి, పదకొండు గంటలకు ఏ బండ నీడనో చేరి, పొద్దు వాలాక మళ్ళీ నడిచాను.

ఇక ఈ చివరి దృశ్యం మొహావీ ఎడారి అంచున రాత్రి తీసింది. 1913లో ప్రారంభమైన లాస్ ఏంజెలిస్ అక్విడక్ట్ వెంట ఇక్కడ దారి సాగుతుంది. ఓవెన్స్ లోయ నీటిని నగరానికి చేర్చే కాలువ ఇది, మనకు కండలేరు నుంచి కృష్ణా నీళ్ళు వచ్చే కాలువ లాంటిదే. అయితే మన తెలుగుగంగ నీరు పూండి జలాశయం దాకా కంటికి కనిపిస్తూ పారుతుంది, ఇక్కడ మాత్రం కాలువను కాంక్రీటుతో మూసేశారు. దూరాన గాలిమరల మీద ఎర్ర దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉండగా, ఒక నగరం తాగే నీటి మీద అడుగులు వేస్తూ, నా సీసాలో మిగిలిన అర లీటరును గుక్కలు లెక్కపెట్టుకుంటూ తాగాను.