పై నీళ్లు, అడుగు నీళ్లు

సభకు నమస్కారం.

ఎండాకాలంలో మన పల్లెల్లో బావి ఈతకు దిగినవాళ్లకు ఈ సంగతి ఒంటితోనే తెలుసు. పైన మూరెడు నీళ్లు గోరువెచ్చగా ఉంటాయి, కాళ్లు కిందికి పోయేకొద్దీ చల్లగా తగులుతాయి. ఒకే బావిలో ఉన్నా ఆ రెండూ కలవవు, ఎందుకంటే బరువులో తేడా ఉంది.

4 డిగ్రీల నీళ్లు 5 డిగ్రీలకు వేడెక్కితే లీటరుకు 0.008 గ్రాము తేలికవుతాయి. 25 నుంచి 26కు పోతే 0.26 గ్రాము, అంటే ముప్పై రెట్లు ఎక్కువ. చలిదేశాల్లో 4కూ 14కూ మధ్య పది డిగ్రీలు పెట్టే అడ్డును వేడిదేశపు సరస్సులో మూడు డిగ్రీలే పెట్టేస్తాయి. పైగా అక్కడిలా ఏటా పైనీళ్లు అడుగునీళ్లంత చల్లబడి మొత్తం తిరగబడే రుతువు ఇక్కడి లోతైన సరస్సులకు లేదు.

ఆఫ్రికాలోని టాంగన్యీకా లోతు 1,470 మీటర్లు. అడుగున 23 డిగ్రీల పైచిలుకు, పైన మహా అయితే 28. ఆ కాస్త తేడాకే ఉత్తరాన సుమారు 100 మీటర్లు, దక్షిణాన సుమారు 200 మీటర్లు దాటితే ఆక్సిజన్ ఉండదు. పైన చచ్చిన నాచు కిందికి రాలుతూనే ఉంటుంది. దాన్ని తినే బాక్టీరియా ముందు ఆక్సిజన్‌ను వాడేస్తాయి, తర్వాత నైట్రేట్‌ను, ఆపైన మాంగనీసు, ఇనుము తుప్పులను, సల్ఫేట్‌ను. చివరికి మీథేన్ పుడుతుంది. నైట్రేట్ నత్రజని వాయువైపోతుంది కాబట్టి అది సరస్సుకు నష్టమే. భాస్వరం సంగతి వేరు. ఇనుపతుప్పుకు అంటుకుని ఉన్న భాస్వరం (ఫాస్ఫేట్), ఇనుము కరగగానే నీళ్లలోకి వదులవుతుంది. అంటే నాచుకు కావలసిన ఎరువు వెలుగు చేరని చోట పోగుపడుతుంది.

దాన్ని పైకి తెచ్చేది గాలి. మే నుంచి సెప్టెంబరు దాకా వీచే ఆగ్నేయపు గాలి టాంగన్యీకా పైనీళ్లను ఉత్తరానికి నెడుతుంది; దక్షిణపు చివర లోతు నీళ్లు పైకి లేస్తాయి. అక్కడి చేపలకు తిండి ఆ గాలి దయే. అయితే ఇనుము ఎక్కువున్న సరస్సుల్లో, పైకొచ్చిన ఇనుము ఆక్సిజన్ తగలగానే మళ్లీ తుప్పై, ఫాస్ఫేట్‌ను పట్టుకుని కిందికే దిగిపోతుంది. కలిసినంత మాత్రాన ఎరువు అందుతుందని అనుకోకూడదు.

ఆఫ్రికాలోనే ఉన్న కివూ సరస్సులో కిందికి పోయేకొద్దీ నీళ్లు వేడెక్కుతాయి, అయినా తిరగబడవు. అడుగున ఊరే ఊటల ఉప్పు వాటిని బరువుగా ఉంచుతుంది. ఆ లోతు ఒత్తిడిలో కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడ్, మామూలు గాలి ఒత్తిడికి లెక్కేస్తే, సుమారు 300 ఘన కిలోమీటర్లు, మీథేన్ సుమారు 60. కామెరూన్‌లోని న్యోస్ సరస్సు 1986 ఆగస్టు 21న ఇలాంటి వాయువును ఒక్కసారిగా వదిలితే దాదాపు 1,700 మంది ఊపిరాడక చనిపోయారు.

తిరుపతి దగ్గరి మన కల్యాణి డ్యామ్ లాంటి జలాశయానికి అంత లోతు లేదు, అంత ప్రమాదమూ లేదు. కానీ వేసవిలో పొర కట్టిన నీళ్లు తుఫాను గాలికో, పుష్యమాసపు చలిరాత్రులకో తిరగబడితే కుళ్లిన గుడ్డు వాసన, నల్లటి మాంగనీసు, చేపల చావు అక్కడా రావచ్చు. ముందే తెలుసుకోవాలంటే మీటరు మీటరుకూ ఉష్ణోగ్రత చూడండి, డిగ్రీలో పదోవంతు దాకా. థర్మామీటరు దించే తాడు గాలికి వాలితే లోతు తప్పవుతుంది, తాడు చివరి గుండు బరువు పెంచండి.

అడుగు నీళ్లను బకెట్‌తో తోడితే దారిలోనే గాలి కలుస్తుంది. మూతపడే శాంపిల్ సీసానే వాడాలి. దాని గొట్టాన్ని 300 మి.లీ. బీఓడీ సీసా (ఆక్సిజన్ పరీక్షకు వాడే గాజు సీసా) అడుగుకు ఆనించి, సీసాకు రెండు మూడు రెట్ల నీళ్లు పొర్లిపోనివ్వండి. బుడగ ఉండకూడదు. వెంటనే, పడవలోనే, మాంగనస్ సల్ఫేట్ 1 మి.లీ., ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 1 మి.లీ., ఆక్సిజన్‌ను పట్టి చూపే ఈ రెండు రసాయనాలను నీళ్లలోపలికి వదిలి, మూత పెట్టి తలకిందులు చేస్తూ కలపండి. గోధుమరంగు మడ్డి దిగితే ఆక్సిజన్ ఉంది. తెల్లగా దిగితే ఆ లోతులో లేనట్టే. ఫాస్ఫేట్, ఇనుము చూడాల్సింది ఆ సీసా వచ్చిన లోతులోనే.