మైమరువు నుంచి భుజం గొలుసు దాకా

సభకు నమస్కారం.

ఈ ఉదయగిరి దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు 1513లో ముట్టడించి మరుసటి ఏడాది గెలిచినప్పుడు ఆయనకు బందీగా చిక్కిన గజపతి బంధువు పేరు తిరుమల రాహుత్తరాయుడు. రాహుత్తు అంటే మనం రౌతు అనే గుర్రపు యోధుడే. రాజబంధువు సైతం బిరుదుగా ధరించేంత గౌరవం ఆ రోజుల్లో గుర్రమెక్కి పోరాడటానికి ఉండేది.

రౌతు తొడిగే కవచాన్ని మన పూర్వులు మైమరువు అన్నారు, అంటే మేనిని మరుగుపరిచేది. నా దృష్టిలో ఆ మాట సగమే నిజం, ఎందుకంటే అది మేనిని దాస్తూనే మనిషి అంతస్తును నలుగురికీ చాటుతుంది. 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ మహర్నవమి వేడుకల్లో చూసిన రౌతుల అంగీలు పైకి మఖమలు, పట్టు. లోపల మాత్రం గట్టి పచ్చితోలు పొరలు, వాటికి బలంగా ఇనుప రేకులు. ఆ రేకుల్లో కొన్ని వెండివట, కొన్నిటికి లోపలా బయటా బంగారు పూత ఉండేదట. బయటి పూత సంగతి సరే, కత్తి దెబ్బను వీసమెత్తు కూడా ఆపలేని బంగారాన్ని, ఎవరి కంటా పడని లోపలివైపు పూయించుకోవడం ఎందుకో ఆలోచించండి.

గుర్రం మీద నుంచి విసిరిన కత్తి పైనుంచి కిందికి దిగుతుంది కాబట్టి ముందుగా తెగేది భుజమే, భుజం తెగితే కళ్లెం పట్టే చేయీ కత్తి పట్టే చేయీ ఉండవు. అందుకే 19వ శతాబ్దంలో మన దేశంలో పోరాడిన అశ్వికదళ అధికారులు కొందరు కళ్లెంలోని దవడ గొలుసునే తెచ్చి కోటు భుజాలకు కుట్టుకున్నారు. అవసరానికి పుట్టిన ఆ కుట్టు తరవాత యూనిఫారంలో భాగమైంది. 1773లో ఏర్పడి నేటి రాష్ట్రపతి అంగరక్షక దళంగా మారిన పటాలంలోనూ, గుర్రాలు వదిలి ట్యాంకులెక్కిన రెజిమెంట్లలోనూ అధికారుల ఉత్సవ దుస్తుల మీద ఆ ఉక్కు అల్లిక నేటికీ కనిపిస్తుంది. ట్యాంకు గుండుకు అది అడ్డమవుతుందని ఎవరూ అనుకోరు.

కంఠానికి కట్టే రేకు, ఇంగ్లీషులో గోర్జెట్, దాని గతి ఇంకా విచిత్రం. యూరప్ సైన్యాల్లో అది నెలవంకంత బిళ్ళగా కుంచించుకుపోగా, బ్రిటిష్ సైన్యం 1830లో దాన్ని మానేసింది. ఇప్పుడు మన కర్నలు స్థాయి నుంచి పై అధికారుల కాలరు మీది గుడ్డముక్కకు గోర్జెట్ ప్యాచ్ అన్న పేరు మాత్రం మిగిలింది.

కలిగిరి వైపు పల్లెలో ఉంటున్న రిటైర్డ్ ట్యాంకు దళ అధికారి ఒకరు తమ భుజం గొలుసును నా అరచేతిలో పెట్టారు. చన్నీళ్ళలో ముంచి తీసినట్టు చల్లగా, కంటికి కనిపించినదానికన్నా బరువుగా ఉంది. తిరగేసి చూస్తే కోటుకు ఆనుకునే వైపు కూడా పైవైపు లాగే తళతళలాడుతోంది. "లోపలివైపు చూసేదెవరు సార్, అంత రుద్దారు?" అని అడిగాను.

"వేసుకునేది నేనే కదండీ" అన్నారు.