ఎదుట నిలిచిన కొడుకు, ఫోనులో పలికిన కొడుకు

సభకు నమస్కారం. ఒడిశాలోని పర్లాకిమిడి దగ్గరి పల్లెనుంచి మా వద్దకు వైద్యానికి వచ్చిన ఒక తల్లి సంగతితో మొదలుపెడతాను. కొడుకు అన్నం పెట్టి ఎదుట కూర్చుంటే ఆమె కంచాన్ని గోడవైపు నెట్టేసి, "ఈడు మావోడు కాదు బాబూ, మావోడి రూపంలో వచ్చినోడు" అనేది. అదే కొడుకు వీధిలోకి వెళ్లి ఫోను చేస్తే, "ఎప్పుడొస్తావురా నాయనా" అని ఏడ్చేది. గాలి సోకిందనుకుని భూతవైద్యుల చుట్టూ తిరగడంలోనే మూడు నెలలు గడిచిపోయాయి.

ఫ్రాన్సులో కాప్‌గ్రా, రెబూల్-లాషో అనే వైద్యులు 1923లో వర్ణించిన ఈ భ్రాంతికి కాప్‌గ్రా సిండ్రోమ్ అని పేరు. మెదడు ముఖాన్ని పోల్చుకుంటుంది గాని, అయినవారిని చూడగానే కలగవలసిన ఆత్మీయత కలగదనీ, ఆ వెలితికి కారణం వెదుక్కునే మనసులో 'వీడు వేరెవడో' అన్న నమ్మకం పాతుకుపోతుందనీ ఒక వివరణ ఉంది. గొంతు చెవి దారిన చేరుతుంది కనుక ఫోనులో కొడుకు కొడుకుగానే మిగలగలడు.

స్కిజోఫ్రెనియా అనే మనోవ్యాధిలో, వృద్ధాప్యపు మతిమరుపులో, తలకు దెబ్బ తగిలిన తరువాత కూడా ఇది రావచ్చు. అందుకే పరీక్షలు ముందు, మందు తరువాత. సాధారణంగా వాడేది భ్రాంతులను తగ్గించే యాంటీసైకోటిక్ మందులే. అయితే తీవ్రమైన డిప్రెషన్ నుంచి కూడా ఈ భ్రాంతి పుడుతుంది, నేను ఇక్కడికి వచ్చింది ఆ మాట చెప్పడానికే. మిర్టజపీన్ అనే యాంటీడిప్రెసెంట్‌తో, అంటే డిప్రెషన్ తగ్గించే మందుతో, కాప్‌గ్రా భ్రాంతి తగ్గిన ఒక రోగి గురించి 2002లో ఒక వైద్య పత్రికలో నివేదిక వచ్చింది. ఒక్కరి అనుభవం అందరికీ సూత్రం కాదు. భ్రాంతులతో కూడిన డిప్రెషన్‌కు సాధారణంగా రెండు రకాల మందులనూ కలిపి ఇస్తారు, అవసరమైతే షాక్ ట్రీట్‌మెంట్ చేస్తారు. ఉన్మాదం, దిగులు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవారికి యాంటీడిప్రెసెంట్ ఒక్కటే ఇస్తే ఉన్మాదం రేగే ప్రమాదం ఉంది.

ఇక్కడ మన ప్రాంతపు చిక్కు ఒకటి ఉంది. బజారులో ఒడియా ధారాళంగా మాట్లాడే మన పెద్దలకు కూడా దుఃఖం తెలుగులోనే వస్తుంది. ఆసుపత్రిలో ఒడియాలో కుశలమడిగితే 'భల అచ్చి' అని ఊరుకుంటారు. ఆ తల్లి భర్త పోయిన నాటినుంచి తెల్లవారుజామున మూడింటికే లేచి కూర్చుంటోందని, బొత్తిగా తినడం లేదని మాకు చెప్పింది కోడలు. అవి డిప్రెషన్ లక్షణాలు కనుక ఆ రెండు మాటలతోనే చికిత్స దారి మారింది. రోగితో వాదించకండి, భయంతో ఎదుటివారిపై చేయి చేసుకోవచ్చు కనుక కత్తిపీట వంటివి అందుబాటులో ఉంచకండి, కానీ నిద్ర, ఆకలి సంగతులు మాత్రం తప్పక చెప్పండి.

రాత్రిపూట మిర్టజపీన్, దానితోపాటు కొద్ది మోతాదులో యాంటీసైకోటిక్ ఇచ్చాము. మూడో వారానికి నిద్ర కుదిరింది. ఆరో వారంలో కొడుకు పెట్టిన కంచాన్ని తనవైపు లాక్కుని, "ఆ రెండోవోడు ఈమధ్య రావట్లేదురా" అన్నదట.